ఎనిమిదో గుంత పక్కన

ఈ కిటికీ తెరిస్తే అట్లాంటిక్ మొత్తం మీదే, అంటాను.
ఆటు వేళ కాస్త తక్కువ,
పోటు వేళ మీరు అడగనంత ఎక్కువ. ఇది అనను.

లిండ్‌క్విస్ట్ గారి భార్య
వేలి కణుపులతో గోడ తట్టి చూస్తోంది,
పుచ్చకాయ కొనేవాళ్ళలా.
ఆయన అప్పుడే బాల్కనీలో
లేని కర్రతో లేని బంతిని కొడుతున్నాడు.

మెయింటెనెన్స్, వరద బీమా, క్లబ్బు సభ్యత్వం,
ఒకసారి కట్టేది, మళ్ళీ మళ్ళీ కట్టేది,
ఒక్క గుక్కలో చెప్పేస్తాను.
చేదుమందు అలాగే పట్టాలని అమ్మ నేర్పింది.

"ఎనిమిదో గుంత దగ్గర పచ్చిక పక్కకి తిరిగిందేం?
ఆ కంచె ఏమిటి?"
ఆవిడే అడిగింది.

ఇరుగుపొరుగు, అన్నాను.
మహా నెమ్మదస్తులు.

ఓక్ చెట్ల కింద పదిహేడు సమాధులు.
గవ్వలు, పగిలిన పింగాణీ పళ్ళేలు,
అమ్మమ్మ హెస్టర్ తలాపున
నాలుగూ పది దగ్గర గడియారం.
ఆగిపోలేదు, మేమే ఆపాం.
మా బెండచేను ఈ కరోలినా దీవిలోనే,
మీ ఈతకొలను లోతు వైపున ఉండేది.
పన్ను బాకీకి వేలంలో పోయింది.

ఆదివారాలు అమ్మ వస్తుంది.
గేటు కుర్రాడు పేరడిగి, కారు నెంబరు రాసుకుని
సాయంత్రం దాకా చెల్లే చీటీ అద్దానికి అంటిస్తాడు.
సమాధుల మధ్య పడ్డ బంతులేరి
అమ్మ బియ్యం సంచిలో వేసుకుపోతుంది.
ఇమ్మని ఎవరూ అడగలేదు.

"వాళ్ళకోసం ఎవరైనా వస్తుంటారా?"
వస్తారండీ, అన్నాను. పాస్ తీసుకుని.

సంతకం చేయాల్సిన ముప్పై ఒక్క చోట్లా
పసుపు చీటీలు అంటించి ఉంచాను.
ఆయన పెన్ను తీశాడు.
ఆవిడ కళ్ళజోడు తీసి,
మొదటి పేజీ మొదటి లైను నుంచి
చదవడం మొదలుపెట్టింది.

పదకొండేళ్ళలో మొదటి మనిషి.
నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.