క్త్వార్థకం

వార్నంబూల్‌లో జూలై అంటే
సముద్రం ఒత్తిగిలి పడుకుని
మన చెవిలోకే ఊదుతున్నట్టు గాలి.
పాల ఫ్యాక్టరీ గేటు పక్క, తూకం గదిలో
హీటరు నా ఎడమకాలిని మాత్రమే పట్టించుకుంటోంది.
మూడు రాత్రులుగా ఇక్కడే
ఒక అబద్ధం కోసం కాపు కాస్తున్నాను.

కంప్లయింటు టియర్నీది.
"నా ట్యాంకరు తూగితే చీటీలో ముందువాడి బరువొచ్చింది.
నా ఆవులు వాళ్ళ పాలిస్తున్నాయా?"
ఆయన నవ్వలేదు. నేను కొంచెం నవ్వి
చీటీ చూసి మానేశాను.
తేడా నాలుగు టన్నులు.

నలభై వేల తూకాల్లో ఒకసారి.
పాత పెట్టెలో పదేళ్ళుగా ఒక్కటీ లేదు.
అందులో ఇంటెల్ చిప్పు, చాదస్తపు గుమాస్తా లాంటిది,
రాసినవి రాసిన వరసలోనే బయటికి పంపేది.
మేలో దాన్ని పీకేసి
అరచేతిలో పట్టే ఆర్మ్ బోర్డు పెట్టాం.
చవక. కరెంటు తాగదు.
ఏ పని ముందు తెమిలితే ఆ పని కానిచ్చేస్తుంది.
దాని తప్పు లేదు, వద్దని ఎవరూ చెప్పలేదు.

ప్రోగ్రాములో ఉన్నవి రెండే మాటలు.
బరువు రాయి.
జెండా ఎత్తు.
అవతలి థ్రెడ్డు జెండా కోసమే చూస్తూ తిరుగుతుంటుంది,
లేచిందనగానే బరువు చదివి చీటీ కొడుతుంది.
జెండా అటామిక్. నేనే పెట్టాను, ధీమాగా.
సగం లేచిన జెండా ఎవరి కంటా పడదు, నిజమే.
కాని ముక్కలవకపోవడం వేరు
వరస తప్పకపోవడం వేరు.
పక్కన రిలాక్స్‌డ్ అని కూడా రాశాను, వేగం కోసమట.
లారీలు తూగే చోట ఏం వేగమో!

ఆలు లేదు చూలు లేదు,
కొడుకు పేరు సోమలింగం.
బరువింకా చిప్పు గుమ్మం దాటలేదు,
జెండా అప్పుడే వీధిలో ఊగుతోంది.

ఎక్కడ జరుగుతోందో చూద్దామని ప్రింటు లైన్లు పెడితే
తప్పు మాయం.
తీసేస్తే, ఎప్పుడో తెల్లవారుజామున, ఒకటి.
దీపం తెస్తే దాక్కునే బొద్దింక.

రెండున్నరకి థెల్మా టీ తెచ్చింది.
డెబ్భై ఒకటి ఆవిడకి.
కంప్యూటర్లు రాకముందు నుంచీ ఈ గదే.
గోడకి మిగిలిన రెండు మేకులు చూపించింది.
ఇక్కడ పలక, అక్కడ గంట.
"బరువు రాసి, సుద్ద కింద పెట్టి,
చెయ్యి తుడుచుకుని, అప్పుడు గంట.
సుద్ద చేతిలో ఉండగా తాడు ముట్టుకున్న రోజు లేదు."
అయితే తప్పులే రాలేదా అన్నాను.
"రాకేం? డ్రైవర్లు గంటకి ముందే
కిటికీలోంచి పలక చూసేసుకునేవాళ్ళు.
ముందు లారీ అంకె మనసులో ఉంచుకుని
గంట వినగానే అదే రాసుకుని పోయేవాళ్ళు.
నేను తప్పు రాయలేదు, వాళ్ళు తప్పు వినలేదు."
చివరికి పలకని లోపలి గోడకి తిప్పేసిందట.
గంట విన్నాకే గుమ్మం దాటి వచ్చి చదువుకోవాలి.

టీ చల్లారిపోయింది.
ఇన్ని రాత్రులూ నేను రాసే వైపే వెతికాను.

ఏడో తరగతిలో సుభద్రమ్మ టీచరు
బల్ల మీద స్కేలుతో కొట్టి చెప్పించేది:
వచ్చి, తిని, చూచి, క్త్వార్థకం!
వస్తూ, తింటూ, చూస్తూ, శత్రర్థకం!
మొదటిదానికి పని అయిపోయినట్టు,
రెండోదానికి ఏదీ అయినట్టు కాదు.
పరీక్ష దాటాక దేనికీ పనికిరాదనుకున్నాను
అక్షరం నెత్తిన ఆ చిన్న గుడి.
రాసి, ఎత్తు.
విని, చదువు.
నా కోడు ఇన్నాళ్ళూ రాస్తూ ఎత్తింది,
వింటూ చదివింది.

ఎత్తే చోట రిలీజ్, చూసే చోట అక్వైర్.
రెండు మాటలు మార్చాను.
దీనికి మూడు రాత్రుల బిల్లు ఎలా వెయ్యాలో తెలీదు.

ఐదూ నలభైకి టియర్నీ ట్యాంకరు వచ్చింది.
చీటీలో సరైన బరువు.
అదేం సాక్ష్యం కాదు,
ముప్ఫై తొమ్మిది వేల చిల్లర సార్లు అది సరిగ్గానే వచ్చింది.
ఇక మీదట రాదు అనడానికి నా దగ్గరున్నది
చిప్పు తయారుచేసినవాళ్ళ మాట ఒక్కటే.

థెల్మా చీటీ చదివి,
కప్పు కింద పెట్టి,
చెయ్యి తుడుచుకుని,
గేటు ఎత్తింది.