ఊదుగొట్టం

తిమోర్ దక్షిణపు ఒడ్డున ఈ నీళ్ళని
మగ సముద్రమంటాం.
ఆడ సముద్రం కొండలకి ఉత్తరాన, నెమ్మదస్తురాలు.

ఒలాందినా అత్త కొబ్బరిచెట్టుకి
సర్వేవాళ్ళు ఎర్రరంగు పూసి పదకొండేళ్ళు.
అంకె సగం చెరిగింది, నాలుగో తొమ్మిదో.
చెట్టు కాపు మానలేదు.

గ్యాసు ఇటే వస్తుందంది రేడియో, ఎన్నికలప్పుడు.
అటు డార్విన్‌కే పోతుందన్నాడు అనిసెతో,
అక్కడి రేవులో ఓ ఏడాది పనిచేసొచ్చినవాడు.
మళ్ళీ ఇటేనంది రేడియో.

నిన్న ఆఫీసరొచ్చాడు.
గీత ఎక్కడయ్యా, అనడిగింది అత్త.
అతను పటం పరిచి వేలు పెట్టాడు.
ఆ వేలి కింద
అనిసెతో వల,
వాళ్ళ నాన్న పడవ మునిగిన చోటు,
ఇంకా బోలెడు నీళ్ళు.

"వేలు తియ్యి నాయనా, కనపడటం లేదు."

అతను నవ్వాడు. కాఫీ దొరుకుతుందా అన్నాడు.

రాత్రి వానకి పుల్లలు చెమ్మగిల్లి ఉన్నాయి.
అత్త పొయ్యి ముందు గొంతుక్కూచుని
వెదురు ఊదుగొట్టం నోట పెట్టుకుంది.
ఇన్నేళ్ళలో మా ఊరికొచ్చిన గొట్టం
అదొక్కటే.

ఊదుతోంది.
పొగ మొదట ఆఫీసరు కళ్ళలోకే వెళ్ళింది.
కాఫీకి ఇంకా చాలా టైముంది.