మాధవరం గోడౌన్‌లో తరగతి

ఒప్పందం మీద రెండు సంతకాలు:
ఒకటి కాలేజీది, ఒకటి కంపెనీది.
మూలన టీ మరక నాది.

పద్నాలుగు మంది పిల్లల్ని వ్యానెక్కించి
మాధవరం తెచ్చాను.
బోర్డు లేదు.
అట్టపెట్టెల గోడ మీదే సుద్దముక్కతో
సూత్రం రాశాను:
ఎంత తెప్పించాలి, ఎప్పుడు తెప్పించాలి.

ఫోర్క్‌లిఫ్ట్ ఆపి మునిరత్నం తలెత్తి చూశాడు.
"ఇందులో వాన ఎక్కడుంది సార్?"

వాన లేదు.
తడ దగ్గర ఆగిపోయిన లారీ లేదు,
డ్రైవరు కూతురి జ్వరం లేదు,
ఎన్నూరు రోడ్డున ఇంజన్లాపి
కునుకు తీసే కంటైనర్ల బారు లేదు.
పదహారేళ్లుగా నా పాఠంలో
లారీలన్నీ వేళకే వచ్చాయి.

మూడోవారం ఒక సాయంత్రం ముబీనా
మందుల పెట్టెల్ని రెండు అరలు పైకెక్కించమంది.
లెక్కేదీ అన్నాను.
"అన్నకి పొద్దున్నించీ మోకాలు సలుపుతోంది సార్."

రాత్రి రెండింటికి ఆకాశం తెగిపడింది.
కింది అరలో మోకాలిలోతు నీళ్లు.
ఏ మోకాలో నేనడగలేదు.

నెలాఖరున సర్టిఫికెట్లొచ్చాయి, రెండు లోగోలతో.
మూడో పేరుకి చోటు లేదు.
ముబీనా తనది వెనక్కి తిప్పి
అతని చేతికి పెన్నిచ్చింది.
ఇంట్లో తెలుగు, బళ్లో అరవం:
జీతాల రిజిస్టర్లో పెట్టినట్టే
మెల్లగా, అరవంలో పెట్టాడు.

నా సూత్రం రాసిన పెట్టెలా?
వాన వెలిసిన పొద్దునే
నెల్లూరు లారీ ఎక్కేశాయి.
అక్కడెవరైనా చదివారో,
దుమ్మనుకుని దులిపేశారో.