అరకిలో మట్టి

మట్టి నమూనా తియ్యడం
ఆనందపురం ఆడవాళ్లకి నేను నేర్పే మొదటి పాఠం.
చేలో పది చోట్ల గడ్డి గీకి
జానెడు లోతు తవ్వి
గుంట గోడని పైనుంచి కిందికి పలచగా గీరి
అంతా గోనె మీద పోసి కలిపి
నాలుగు భాగాలు చెయ్యాలి.
ఎదురెదురు రెండు ఉంచి, రెండు పారెయ్యాలి.
మళ్లీ కలపాలి, మళ్లీ నాలుగు, మళ్లీ రెండు పారెయ్యాలి
అరకిలో మిగిలేదాకా.

నా జీతమూ ఇంతే.
కాగితం మీద ఇరవై రెండు వేల ఐదు వందలు.
ఏజెన్సీవాడి వాటా పారెయ్యి.
పీఎఫ్ అని కోసి
ఏ ఖాతాలో పడుతోందో చెప్పనిది పారెయ్యి.
మద్దిలపాలెం నుంచి బస్సు, జంక్షన్‌లో షేర్ ఆటో,
ఆటో రానిచోట నా చెప్పులు,
అవీ పారెయ్యి.
మిగిలిన అరకిలో గుడ్డసంచిలో కట్టి
ఇంటికి పట్టుకెళ్తాను.
దీన్ని పరీక్షకి పంపడానికి
ల్యాబ్ ఏదీ లేదు.

ఉద్యోగం పేరు మాత్రం పొడుగు:
వ్యవసాయ, గృహ నిర్వహణ సలహాదారు.
రెన్యూవల్ ఫారంలో గడులు చాలక
ఏటా "గృహ నిర్వ" దగ్గర ఆగిపోతాను.
"మిగతాది మాకు తెలుసులెండి" అంటాడు
ద్వారకానగర్ మేడమీద కూర్చునే వర్ధనరావు.
ఊళ్లో నా పేరు పొట్టి. లెక్కలమ్మ.

కాంట్రాక్టు పదకొండు నెలలు.
పన్నెండో నెల నేనెవరినీ కాను.
వంగతోటకి ఆ సంగతి తెలియదు.
"తలలు వాలిపోతన్నాయమ్మా" అని పొద్దున్నే ఫోను.
వాలినవి తుంచి కాల్చెయ్యండి,
వేపనూనె సాయంత్రం పూట కొట్టండి,
అని చెప్తూ ఉంటాను
పొయ్యిమీద పప్పు పొంగుతూ ఉండగా.

కోరాడ నరసయ్యమ్మది ముప్పై సెంట్ల లిల్లీ.
తెల్లారి మూడింటికి టార్చిలైటు నోట కరుచుకుని
మొగ్గలు కోసి మార్కెట్లో దింపుతుంది.
ఆమెకి గళ్ల పుస్తకం ఇచ్చాను:
వచ్చింది, పోయింది, రావాల్సింది, ఇవ్వాల్సింది.
"సొంత కూలీ రాయాలి" అన్నాను,
"అది వెయ్యకపోతే లాభం అబద్ధం."
నలుగురూ నవ్వారు.
"నాకు నాను కూలిచ్చుకుంతానేటి?
ఏ సేత్తో ఇచ్చి ఏ సేత్తో పుచ్చుకోను?"
అయినా రాసింది.
మూడు నెలలకి ఆ అంకె చూసి
చాలాసేపు మాట్లాడలేదు.
మర్నాడు మొగుణ్ణి కూడా లేపిందట మూడింటికి.

నిన్న పుస్తకాలు చూడ్డానికి వెళ్లాను.
జీతం పడి నాలుగు నెలలు.
ఆ మాట ఎవరికీ చెప్పలేదు,
పాత చెప్పుకి వేసిన కొత్త కుట్టు చెప్పిందేమో.
"పోయినేడు ఇంట్లో కూకున్న నెల
ఫోన్లో సెప్పినావు కదా, వంగతోటకి.
అదే గల్లో రాసినావు?"
నేను పెన్ను మూత పెట్టాను, తీశాను.
ప్రభుత్వం, ప్రాజెక్టు, బడ్జెట్టు
అని ఏదో మొదలెట్టాను.
నరసయ్యమ్మ వినలేదు.
తన పుస్తకం లాక్కుని
రావాల్సినవాటి కింద, పూలకొట్టు బాకీ తర్వాత
వంకర అక్షరాలతో రాసింది:
లెక్కలమ్మ కూలి. ఐదు నెలలు.
"నాలుగే" అన్నాను.
"ఇంట్లో కూకున్నదో?" అంది.
ఎవరినుంచి రావాలో రాసే గడి దగ్గర
పెన్ను ఎత్తి నా మొహం చూసింది.
నేను గోడమీద బల్లిని చూశాను.
గడి అలాగే ఉంది.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది.
ఒళ్లో ఆమె పెట్టిన మూర లిల్లీ, తడిగా.
మొదటిసారి నా కూలి నేను వెయ్యబోయాను,
టికెట్టు వెనక.
నడిచినవి, ఎండలో నిలబడ్డవి,
రాత్రి పది దాటాక ఎత్తిన ఫోన్లు.
టికెట్టు చిన్నది.
కొమ్మాది దాటకుండానే నిండిపోయింది.