గడ్డకట్టిన సీసా

రాత్రి తొమ్మిదిన్నరకు
డ్యూటీ దిగి వస్తుంటే
కిరాణం నర్సింగం
ఐస్‌క్రీము డబ్బాల నడుమ నుంచి
మా నీళ్ల సీసా తీసి ఇస్తడు.
"పాప మడిమ ఎట్లున్నది, కండక్టరమ్మా?"
మా ఫ్రిజ్ల నీళ్లు గడ్డకట్టవని
కాజీపేటల ఈ గల్లీ అంతటికీ ఎరుకే.

మహిత మంచం అంచుకు కూసోని
సీసా మీద అరికాలు పెట్టి
ముందుకు వెనక్కు దొర్లిస్తది.
బండలు తడుస్తయి.
దూరంగ గూడ్సు బండి
మలుపు తిరిగినట్టు సప్పుడు.
నేను చిల్లర లెక్క పెట్టుకుంట.
ఇద్దరం మాట్లాడుకోం.

పదకొండో ఏట మొదలైంది.
చెప్పులన్నం, చెప్పులు మార్చినం.
దిష్టి అన్నది మా అత్త,
ఉప్పు తిప్పి మోరీల పారబోసింది.
బామన్నం, వేడినీళ్లన్నం.
పోయింది.
పోయిందని మల్లా గజ్జెలు కట్టింది.
పదహారో రోజుకు తిరిగొచ్చింది నొప్పి,
బాకీ వసూలుకు వచ్చినోని లెక్క
తలుపు కొట్టకుంట.

పేరిణి అడుగు నేలను తట్టదు,
కొడుతది.
హన్మకొండ హాలుల ఇరవై రెండుమంది పిల్లలు
ఒక్కసారి అడుగేస్తే
కిటికీ చువ్వల మీది దుమ్ము రాలుతది.
ఆ అడుగుల్ల నా బిడ్డది ఏదో
కండ్లు మూసుకుని చెప్పేదాన్ని.
మొన్న చెప్పలేకపోయిన.
ఒక అడుగు తక్కువ వినబడ్డది.
దాని కుడికాలు నేలను తాకుతున్నది గాని
కొడుతలేదు.

డాక్టరమ్మ మడిమను
రెండు దిక్కుల నుంచి పిండింది.
మహిత ఏమీ అనలే.
కింది పెదవి మాత్రం లోపలికి పోయింది.
"ఎన్నాళ్ల నుంచి?"
"నిన్నటి సంది" అన్నది.
ఏడాది సంది.

ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చూపింది డాక్టరమ్మ.
మడిమ ఎముక వెనక
నెలవంక లెక్క ఇంకో చిన్న ముక్క,
నడుమ సన్నటి నల్ల గీత.
"విరగలే. ఇంకా అతకలే.
ఎముక తొందరగ పెరుగుతున్నది,
పిక్క నరం అందుకోలేక గుంజుతున్నది.
పెరుగుడు ఆగినంక ఇదీ ఆగుతది.
అప్పటిదాక వస్తది, పోతది."

పెరుగుడు ఆగాలె అని
ఏ తల్లి మొక్కుతది?

ఇంటికొచ్చినంక అడిగిన,
ఎందుకు దాచినవే అని.
అది నా కాళ్ల దిక్కు చూసింది.
పరకాల బస్సుల పొద్దంత నిలబడే కాళ్లు,
మేజోళ్ల కింద చుట్టుకున్న పట్టీ,
డిపోల ఎవ్వలికీ చెప్పనిది.
"నువ్వు చెప్తవా?" అన్నది.

నా దగ్గర చిల్లర లేదు
దానికి తిరిగి ఇయ్యడానికి.

తెల్లారి సాంబయ్య సారుకు ఫోన్ చేసిన.
ఆరు వారాలు దుంకుడు లేదు,
నేలను కొట్టుడు లేదు.
సారు శానాసేపు పలకలే.
పండుగ ప్రదర్శనకు ముందు వరుసల
నడిమి పిల్ల అది.
ఆఖరికి
"చెయ్యికేం నొప్పి లేదు గదా, రమ్మను" అన్నడు.

ఇప్పుడు మహిత గోడకు ఆనుకుని
తట్టు కర్ర పట్టుకుంటది.
ఇరవై ఒక్కమంది కాళ్లు
దాని చేతికింద నడుస్తయి.
మొదటి రోజు ఏడ్చింది.
రెండో రోజు కోపంతోని వేగం పెంచి
అందరికీ రొప్పు తెప్పించింది.
మూడో వారంల
వెనక వరుస నుంచి ఒక అడుగు
వెంట్రుకవాసి ఆలస్యంగ పడుడు
సారు కంటే ముందు ఇదే విన్నది.
కర్ర ఆపింది.
"అక్కా, నీకెక్కడ నొస్తున్నది?"

హాలంత నిశ్శబ్దమైందట.
ఆ పిల్ల ముందుగాల ఏం లేదన్నదట.
ఇది మల్లా అడిగిందట.

ఇయ్యాల నర్సింగం
రెండు సీసాలు తీసి నా చేతుల పెట్టిండు.
"ఒక్కటే గదా మాది?"
"పాప వచ్చి ఇంకోటి పెట్టిపోయింది.
అమ్మకట."

డిపోల ఇంకా చెప్పలే.
తలుపు దగ్గరేసిన,
మేజోళ్లు విప్పిన.
మంచం అంచుకు అది కొంచెం జరిగింది.

బండలు తడుస్తున్నయి.