నాలుగు తాళాలు

నల్లపాడు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది.
లోపల మిరపకాయ బస్తాలు చలికి ముడుచుకుని నిద్రపోతుంటే
బయట మనుషులం వేగిపోతున్నాం.

ప్యానెల్ తలుపు తీస్తే ముందు తుమ్ము.
బస్‌బార్ల మీద, స్క్రూల గాడుల్లో
సన్నటి ఎర్ర ధూళి.
గుంటూరులో కరెంటుకీ ఘాటుంటుంది.

ఆరువందల ముప్పై ఆంపియర్ల బ్రేకరు.
దాని పాత ట్రిప్ యూనిట్
నెల్లాళ్ళుగా ఊరికే పడిపోతోందట.
మొన్న కంప్రెసర్ పొగ కక్కినప్పుడు మాత్రం
పడనే లేదు.

"నలభై నిమిషాలమ్మా,
ఆ పైన గదుల్లో వేడెక్కుతుంది" అన్నారు
గోవర్ధనం గారు, గడియారం నాకు చూపించి.
సరేనండీ అన్నాను.

మెయిన్ దించాను. హ్యాండిల్‌కి నా తాళం,
దాని మెడలో నా పేరు రాసిన అట్ట.
ఏసుబాబు పానాల సంచి విప్పుతున్నాడు.
"నీ తాళమేదిరా?"
"మీది వేశారుగా అక్కా."
"నాది నా ప్రాణానికి.
నీ ప్రాణానికి నువ్వే వేసుకోవాలి."
నవ్వాడు. వేశాడు.

టెస్టర్ తీశాను.
మెయిన్ పైవైపు పెడితే వెలిగింది.
బ్రేకరు దగ్గర పెట్టాను,
వెలిగింది.

ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
అప్పుడు వినపడింది షెడ్డు వెనక నుంచి
జనరేటర్ దడదడ.

వాచ్‌మన్ కోటిలింగం మంచివాడు.
ఫ్యాను ఆగిందని, తొడిమలు తీసే ఆడవాళ్ళు
ఉక్కకి అల్లాడుతున్నారని,
మేలు చేయబోయాడు.

దాన్ని ఆపించి, ఆ స్విచ్చుకీ చెరొకటి.
తాళాలు నాలుగయ్యాయి.
నిమిషాలు పదహారయ్యాయి.

నాకు పని నేర్పిన కాలేషా గారు
కుడిచేతికి ఎప్పుడూ పొడుగు చొక్కానే.
అన్నం తినేటప్పుడు మడిస్తే కనపడేది,
మోచేతి దాకా కాలి మెరిసే చర్మం.
"ఉన్నచోట ముందు చూడు,
లేదనుకున్నచోట తర్వాత చూడు,
తిరిగి ఉన్నచోటికి వచ్చి చూడు.
లేకపోతే చచ్చింది కరెంటో, నీ టెస్టరో
నీకెట్లా తెలుస్తుందమ్మాయ్?"

మూడు ఫేజులూ చూశాను, ఎర్తుతో చూశాను.
వెనక్కి వెళ్ళి, ఉన్నచోట మళ్ళీ చూశాను.

అప్పుడు పని.
హ్యాండిల్ మధ్యలో ఆగాలి:
ఆన్ కాదు, ఆఫ్ కాదు, ట్రిప్.
మూత తీసి, బోల్టులు వదులు చేసి
పాతది బయటికి లాగితే
చేతిలో ముసలి కప్పలా బరువుగా కూర్చుంది.
ఏసుబాబు ఊదబోయాడు.
"ఊదకు, కళ్ళు పోతాయి."
బ్రష్షుతో తుడిచాం, బస్తా కింద నేలని తుడిచినట్టు.

కొత్తదాని నంబరు, బ్రేకరు నంబరు
ఇద్దరం పైకి చదువుకున్నాం.
నెడితే కూర్చోలేదు.
సుత్తి పట్టుకున్నాడు కుర్రాడు.
చేయి అడ్డం పెట్టాను.
తీసి, చూసి, వెంట్రుకంత పక్కకి జరిపితే
దానంతటదే ఇంట్లోకి వెళ్ళింది.
టార్క్ పానా టిక్కుమన్నాక
ఇంకో పిసరు బిగించాలని చేయి లాగుతుంది.
లాగనివ్వకూడదు.

"ఆ డయల్ చివరిదాకా తిప్పేయండమ్మా,
మళ్ళీ మళ్ళీ పడకుండా."
"పడటమే దాని ఉద్యోగమండీ" అన్నాను,
మోటార్ల లెక్క చూసుకుని
ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి.
ఆయనకి నచ్చలేదు.
బిల్లులో కొంత కోసుకుంటారని అప్పుడే తెలిసింది.

మూత బిగించి, హ్యాండిల్ ఎత్తి,
ఎర్ర బొత్తాం పుల్లతో నొక్కాను.
ఠక్.
ఆ చప్పుడు కోసం ఇంత దూరం వచ్చాం.

నా తాళాలు రెండూ తీశాను.
ఏసుబాబు జేబులు తడుముకుంటున్నాడు.
చొక్కా జేబు, ప్యాంటు జేబు, సంచి.
గోవర్ధనం గారు గడియారం, యాభై ఎనిమిది నిమిషాలు.
తొడిమల ఆడవాళ్ళలో ఒకామె నవ్వేసింది.

"కోసేద్దామా అక్కా, తాళం?"
"వెతుకు" అన్నాను.
"ఎంతసేపైనా సరే, వెతుకు."