పులుపు మంచు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా
దస్తగిరి అంగట్లో
నా కాలికి పట్టే బూటు లేదు.
ఉండేవన్నీ మగోళ్ళ కొలతలే.
ఎనిమిదో నంబరులో కాలు పెడితే
గాదెలో ఎలుక తిరిగినట్లుంది.

"మీ ఇంటాయనకా, మే?"
కాదు, నాకే.
మద్దిలేటికి రేచీకటి,
పొద్దుగూకితే మంచంకోడు కూడా తడుముకుంటాడు.
అడవి దిగి పందులొచ్చేది
పొద్దుగూకినాంకే.

దస్తగిరి నవ్వలేదు.
అందుకే ఆ అంగడంటే నాకిష్టం.

ముందు తోలువి తీసినాడు.
లోపలంతా గొర్రెబొచ్చు,
పొయ్యికాడి పిల్లి కింద కాలు దోపినంత వెచ్చన.
కానీ సెనగచేను సంగతి ఆయనకేం తెల్సు?
ఆ ఆకు మీద పడిన మంచు మంచుగా ఉండదు,
పులుసవుతాది.
మడిమ పగుల్లలోకి దిగిందా,
చింతపండు పిసికి రుద్దినట్లు మంట.
పోయినేడు మద్దిలేటి చెప్పుల్ని
రెండు నెల్లలో పేలికలు చేసింది.

ఇంగోటి పోలీసు బూటంట,
అడుగున లారీ టైరు మాదిరి గాళ్ళు.
రేగట్లో నాలుగడుగులేస్తే
కాలికో ఇటుకరాయి మొలుస్తాది.
వద్దన్నా.

ఆఖర్న మూలనుంచి నల్ల రబ్బరువి,
కాలవలు తీసేటోళ్ళకని తెప్పించి మిగిలినవి, ఆరో నంబరు.
"చుక్క దిగదు" అన్నాడు.
చెంబు తీసుకోని నేను లోపల పోసినా.
చుక్క బయటికి రాలేదు.
"సూస్తివా!"
"సూసినా. నా చెమట యాడికి పోవాల మరి?"
దానికి జవాబు లేక
నూటిరవై తగ్గించినాడు.

పాత స్వెట్టరు చేతులు రెండూ కోసి
కొసలు కుట్టి మేజోళ్ళు చేసుకున్నా.
ఆ రాత్రి మంచె కింద
కాళ్ళు రెండూ బాలింతల్లాగా వెచ్చగా పడుకున్నాయి.
టార్చీ ఉంది, డబ్బా ఉంది, కర్ర ఉంది.
తెల్లారి చూస్తే
నాకు ముప్పై అడుగుల్లో
అరెకరం తిరగేసి పోయినాయి.

మా నాయన బయ్యన్న గుర్తుకొచ్చినాడు.
వలేసి పందుల్ని పట్టిన మనిషి, అప్పటి రోజుల్లో.
వేటకు పోతాంటే గుడికి పోయినట్లు
చెప్పులు వాకిట్లోనే ఇడిచేవాడు.
"కంటికంటే ముందు అరికాలు వినాల.
మూతితో అది మన్నెత్తితే
మన్నే వచ్చి చెప్తాది" అనేవాడు.
అరవై చలికాలాలు విన్నాడు.
చివర్న వేళ్ళు చచ్చుబడి
వేడి బూడిదలో కాలు పెట్టి మర్చిపోతే
మాంసం వాసన మాకే ముందొచ్చింది.
ఆయన మాట నమ్మాల్నా,
ఆయన కాలు నమ్మాల్నా?

రెండో రాత్రి
ఎడమ బూటు ఇప్పేసినా.

సలి కారిజం దాకా పాకింది.
పండ్లు టకటకమన్నాయి.
ఇంత తెలివితక్కువదాన్ని నల్లమల మొత్తంలో ఉంటాదా అనుకుంటాండగా
కాలికింద,
పక్కూర్లో ఎవరో రోకలేసినట్లు
ఒకటి.
మళ్ళీ ఒకటి.
తూర్పు గెనెం పక్క.

డబ్బా వాయించుకుంటా ఉరికినా.
టార్చీ ఎలుతుర్లో తల్లి, వెనక చారల పిల్లలు ఏడో ఎనిమిదో.
కర్ర ఇసరలేదు. అరిస్తే చాలింది.

తెల్లారి మద్దిలేటి వచ్చినాడు.
ఎలుతురుంటే ఆయనంత కన్ను మా ఊళ్ళో ఇంగెవరికీ లేదు.
గెనెం మీద వంగి జాడలు చూసినాడు.
కుడిపక్కంతా గీతల బూటు.
ఎడమపక్క వట్టికాలు,
బొటనేలు లోతుగా దిగి.
చాన్సేపు చూసి అడిగినాడు:
"రాత్రి నీతో ఎవరొచ్చినారు?"

కూలబడి
ఎడమకాలు ఆయన ఒళ్ళో పెట్టినా.
"ఈ మనిషే," అన్నా,
"కొంచెం రుద్దు.
పగుల్ల కాడ మెల్లగా."